నడక చూసి తీర్పు చెప్పే పెద్దమనుషులకు

మా కంభంలో ఒక మగపిల్లాడు రేపు ఎవర్ని ప్రేమిస్తాడో తెలుసుకోవాలంటే వాణ్ణి అడగాల్సిన పనే లేదు. నడుస్తుంటే నడుము కాస్త ఊగిందా? మాట్లాడుతుంటే చేతులు తిరిగాయా? గొంతు సన్నగా ఉందా? సంక్రాంతికి అక్కతో కలిసి వాకిట్లో ముగ్గేశాడా? క్రికెట్ అనగానే ఏదో వంక చెప్పి తప్పుకుంటాడా? అయిపోయింది. హైస్కూలు గోడ మీద బొగ్గుతో వాడి పేరు పడుతుంది. చిన్నప్పుడు "ఆడంగోడు" అంటారు. ఇంటర్‌కి వచ్చేసరికి అదే "తేడాగాడు" అవుతుంది, "పాయింట్ ఫైవ్" అవుతుంది. మొదటి మాట వాడి నడకను వెక్కిరిస్తుంది. రెండో మాట వాడి పడకగదిలోకి దూరుతుంది. మొదటిదాన్నుంచి రెండోదానికి ఎట్లా వచ్చార్రా అంటే జవాబుండదు. ఒక్క గెంతు గెంతారు, అంతే.

నా గొడవంతా ఆ గెంతుతోనే.

ఒక మనిషికి ఎవరి మీద మనసు పడుతుందో వాడి నడుములోనో, గొంతులోనో, మీసంలోనో రాసి ఉండదు. రాసి ఉందని నమ్మి కంభం, గిద్దలూరు, మార్కాపురం, బేస్తవారిపేట, ఈ ఊళ్ళన్నీ తరతరాలుగా ఇద్దరి బతుకులు పాడుచేస్తున్నాయి. ఒకడు అమ్మాయిల్ని ఇష్టపడే మెత్తని కుర్రాడు. ఇంకొకడు అబ్బాయిల్ని ఇష్టపడే మొరటు కుర్రాడు. మొదటివాడికి లేనిది అంటగడతారు. రెండోవాడికి ఉన్నది వాడికే తెలియకుండా చేస్తారు. మొదటివాడి ఏడుపన్నా అప్పుడప్పుడూ వినపడుతుంది. రెండోవాడి సంగతి ఈ జన్మకు ఎవరికీ పట్టదు.

ఇదంతా మన సంస్కృతి, మన సంప్రదాయం అని మాత్రం నాకు చెప్పకండి. ఆ సంప్రదాయం ఏమిటో నేను చెప్తాను, వినండి. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి రంగస్థలం ఎక్కితే జనం విరగబడి చూశారు. చిత్రాంగి ఆయనే, మధురవాణి ఆయనే. 1956లో పద్మశ్రీ ఇచ్చింది ఈ దేశం. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో జడ పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళే అసూయపడ్డారని చెప్పుకునేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ. అంత దూరం ఎందుకు, మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే చంద్రమతి ఎవరు? పగలంతా మడక దున్ని, రాత్రికి మొహాన రంగు పూసుకున్న మొగోడే కదా. వీళ్ళలో ఎవరి మనసు ఎటుందో టిక్కెట్టు కొన్నవాడు అడిగాడా? అడిగుంటే చెప్పు తిరగేసేవాళ్ళు.

ఆ నటుల దగ్గర అసలు సంగతి ఒకటుంది. నడుము ఎంత తిప్పాలి, కొంగు ఎట్లా సర్దుకోవాలి, ఓరచూపు ఎన్ని క్షణాలు నిలపాలి, ఇదంతా వాళ్ళు గురువుల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య. అంటే ఆడనడక నేర్చుకుంటే వస్తుంది. మగనడకా అంతే. మీరు నడిచే ఆ ఛాతీ విరుపు నడక కూడా మీ నాన్నను చూసో, సినిమా హీరోను చూసో నేర్చుకున్నదే. మనసు పడటం అట్లా నేర్చుకుంటే వస్తుందా? ఏ మాస్టారు నేర్పితే మీకు మీ ఆవిడ మీద మనసు పడింది? నేర్చుకున్నదాన్ని చూసి నేర్పడానికి వీల్లేనిదాన్ని తేల్చేస్తారు, అదీ మీ తెలివి.

విజయవాడ కాలేజీలో ఒక నాటకం. నాగమ్మ వేషం ఒక కుర్రాడికిచ్చి మీసం తీసేయమన్నారు. తీయనని మొండికేశాడు. మీసంతోనే నాగమ్మగా నిలబడి "మీసాల నాగమ్మ" అనిపించుకున్నాడు. ఆ కుర్రాడు ఎన్.టి. రామారావు. ఆ వేషం ఇచ్చింది విశ్వనాథ సత్యనారాయణ. అదే రామారావు 1963లో 'నర్తనశాల'లో బృహన్నలగా గాజులు వేసుకుని ఉత్తరకు నాట్యం నేర్పితే మన తాతలు ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. ఆ కథలో ఏముంది? విరాటుడి కొలువులో ఏడాది పాటు కళ్ళ ముందు తిరుగుతున్న మనిషిది గాండీవం పట్టే చెయ్యి అని ఒక్కడూ కనిపెట్టలేకపోయాడు. జడ చూశారు, గాజులు చూశారు, నడక చూశారు. వాళ్ళకు అది చాలనిపించింది. తిక్కన ఆ పర్వాన్ని తెలుగు చేసి ఏడు వందల ఏళ్ళు దాటింది. విరాటుడి కొలువు నుంచి మన బస్టాండు దాకా ఒక్క అడుగు ముందుకు పడలేదు.

మరి ఈ అనుమానం ఎక్కడిది? అంతా తెల్లవాడి మీదికి నెట్టేయను, వెక్కిరింత మన ఇళ్ళలోనూ ఉంది. కానీ ఆ అనుమానాన్ని చట్టంగా రాసింది మాత్రం వాడే. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో ఒక భాగం ప్రత్యేకంగా హిజ్రాల మీద పెట్టారు. రిజిస్టర్లో పేరెక్కించడం, ఆ పేరున్నవాళ్ళు ఆడబట్టలు కట్టి నలుగురిలో పాడినా ఆడినా పట్టుకుని లోపలెయ్యడం. ఎవరి పేరు ఎక్కించాలి? శిక్షాస్మృతిలో "అసహజ నేరాల" సెక్షన్ 377 కింది నేరం చేస్తారన్న అనుమానం ఉంటే చాలు. 1884లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఖైరాతి అనే మనిషి కేసు వచ్చింది. ఆడబట్టలు కట్టి పాడుతుంటే పట్టుకున్నారు, డాక్టరు చేత పరీక్ష చేయించారు, అసహజ నేరం మోపారు. ఎప్పుడు చేశాడు, ఎక్కడ చేశాడు, ఎవరితో చేశాడు? ఏ ఒక్కదానికీ కాగితం మీద జవాబు లేదు. అయినా కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టుకు వెళ్ళాకే ఆ మనిషి బయటపడ్డాడు.

తెలుగునేల మీదా ఇదే జరిగింది. 1919లో నిజాం సర్కారు అదే అచ్చులో ఒక చట్టం తెచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఉండాలి. ఆడబట్టల్లో, నగల్లో వీధిలో కనపడితే వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. నైజాం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది, ఆ చట్టం మాత్రం పుస్తకంలో అట్లాగే పడుంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో కోర్టుకెక్కితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్ళు! చీర కట్టుకోవడాన్ని నేరానికి సాక్ష్యంగా చూసిన చట్టం నూట నాలుగేళ్ళు బతికింది.

కంభం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లాలో ఉండేది కాబట్టి నిజాం చట్టం ఇక్కడికి రాలేదు. రావాల్సిన అవసరమేముంది? ఇక్కడ రిజిస్టరు లేకుండానే అందరి పేర్లూ అందరికీ కంఠతా వచ్చు.

"అయ్యా, చాలామంది విషయంలో మా అంచనా నిజమే అవుతోంది గదా" అంటారు కొందరు. సరే, లెక్క వేద్దాం. మార్కాపురం పలకలకు పేరున్న సీమ మనది, ఒక పలక తీసుకోండి. వెయ్యిమంది మగవాళ్ళు. అందులో నలభై మంది మగవాళ్ళను ఇష్టపడేవాళ్ళనుకుందాం. ఇది సర్వే అంకె కాదు, లెక్క కోసం పెట్టింది. ఆ నలభైలో సగం మంది మీరనే ఆ మెత్తని నడక నడిచేవాళ్ళే అనుకుందాం, ఇరవై మంది. చిన్నప్పుడు ఆడపిల్లల ఆటలు ఆడిన మగపిల్లల్లో పెద్దయ్యాక గే అయ్యేవాళ్ళు మామూలు కంటే ఎక్కువని కొన్ని పాశ్చాత్య పరిశోధనలు చెప్పాయి. కాదనను, అందుకే మీకు సగం దాకా ఇచ్చాను. ఇక మిగిలిన తొమ్మిది వందల అరవై మందిలో పదికి ఒకడు మెత్తగా నడుస్తాడనుకుందాం. తొంభై ఆరు మంది. ఇప్పుడు మీరు నడక చూసి వేలెత్తి చూపించే మెత్తనివాళ్ళు మొత్తం నూట పదహారు మంది. అందులో మీ మాట నిజమయ్యేది ఇరవై మంది విషయంలో. తొంభై ఆరు మంది మీద అబద్ధం వేశారు. ఆరుగురిని చూపిస్తే దాదాపు అయిదుగురి దగ్గర తప్పు. పోనీ, దొరకాల్సినవాళ్ళన్నా దొరికారా? ఇంకో ఇరవై మంది మీసం మెలేసుకుని మీ పక్కనే కూర్చుని మీతో కలిసి నవ్వుతున్నారు. ఈ లెక్కలో తప్పుంటే చూపించండి. ఆరింట అయిదు తప్పులు చెప్పే జ్యోతిష్యుడికి మీరు దక్షిణ కూడా ఇవ్వరు.

కంప్యూటరుకూ ఇదే పిచ్చి పట్టింది ఒకసారి. 2017లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు డేటింగ్ సైట్ ఫొటోలు కంప్యూటరుకు చూపించి, మొహం చూసి గేనా కాదా చెప్పేస్తోందన్నారు. ప్రపంచమంతా గగ్గోలు. తర్వాత వేరే శాస్త్రజ్ఞులు తవ్వి చూస్తే, ఆ ఫొటోల్లో అసలు తేడా కళ్ళజోళ్ళు, గడ్డాలు, మేకప్, ఏ కోణంలో ఫొటో దిగారన్నది. కోట్ల ఖరీదైన యంత్రం చివరికి మన బస్టాండు దగ్గర కూర్చునే మామ చెప్పేదే చెప్పింది.

ఇక మన పలక లెక్కలోని ఆ తొంభై ఆరు మందిలో ఒకడి గురించి. వాడికి పక్కవీధి అమ్మాయంటే ఇష్టం. చెప్పడు. చెప్తే ఆ పిల్ల నవ్వుతుందని భయం. చెరువు కట్ట మీద మనుషులు లేని వేళ చూసుకుని కాళ్ళు ఎడంగా వేసి నడవడం అలవాటు చేసుకుంటాడు. డాన్స్ మానేస్తాడు. చేతులు కదలకుండా జేబుల్లో పెట్టుకుంటాడు. నవ్వు బిగబడతాడు. కొన్నాళ్ళకు ఇంకో పురుగు తొలుస్తుంది: ఊరంతా అంటోందంటే నాలో ఏదో ఉండే ఉంటుంది కదా? ఇదే సందేహంతో రాత్రీ పగలూ తన మనసును తానే పరీక్ష పెట్టుకుని నలిగిపోయేవాళ్ళను ఓసీడీ రోగుల్లో మానసిక వైద్యులు చూస్తూనే ఉంటారు. ఊరి మాటే ఆ జబ్బుకు కారణమని నేను అనను. ఆ జబ్బుకు మేత వేస్తోంది ఎవరని అడుగుతున్నాను.

ఇక ఆ రెండోవాడి, మొరటు కుర్రాడి దగ్గరకు రండి. పలకల గనిలో రాయి కొట్టేవాడు. లేకపోతే లారీ తోలేవాడు, కబడ్డీలో కూతకెళ్తే ముగ్గురిని ఈడ్చుకొచ్చేవాడు. కోరమీసం, బుల్లెట్ బండి. పదిహేనేళ్ళప్పటి నుంచీ వాడి చూపు నిలిచేది తోటి కుర్రాళ్ళ మీద. దానికి పేరేమిటో వాడికి ఎవరు చెప్పాలి? వాడికి తెలిసిన గే ఒక్కడే. తెర మీద మణికట్టు వంచి, హీరో మీద పడబోయి తన్నులు తిని, హాలంతా నవ్వించే కమెడియన్. నేను అట్లా లేను, అట్లా మాట్లాడను, కాబట్టి నేను అది కాదు. ఇది స్నేహం, ఇది వయసు, పెళ్ళయితే పోతుంది. అమ్మ అదే అంటుంది, బావ అదే అంటాడు, స్నేహితులూ అదే అంటారు. పెళ్ళిచూపులు, కట్నం, మేళం. ఆపైన ఒక ఆడపిల్ల మూడేళ్ళు అద్దం ముందు నిలబడి నాలో ఏం లోపముందని వెతుక్కుంటుంది. పిల్లల్లేరేమని అత్త అడుగుతుంది. తాయెత్తులు, మొక్కులు. వీళ్ళిద్దరి పాపం ఎవరి ఖాతాలో రాయాలి? మీ ఊహాచిత్రం ఖాతాలో రాయండి. గే అంటే ఇట్లాగే ఉంటాడని మీరు గీసిన బొమ్మ లేకపోతే, వాడు తనను తాను పదిహేనో ఏటనో ఇరవయ్యో ఏటనో గుర్తుపట్టి ఉండేవాడు.

ఇది మన సీమ సంగతే కాదు. ఎముకలు విరిగేట్టు కుమ్ముకునే ఆట రగ్బీ. ఆ ఆటలో వేల్స్ దేశానికి కెప్టెన్‌గా చేసిన గారెత్ థామస్, ఒకప్పుడు పెళ్ళి చేసుకున్నవాడు, 2009లో నేను గేనని చెబితే జనం నోళ్ళు తెరిచారు. ఎందుకు తెరవాలి? వాడు పగలు బంతి పట్టుకుని పరిగెత్తిన తీరుకూ ఆ సంగతికీ సంబంధమేమిటి?

ఆడపిల్లల విషయంలో అన్యాయం ఇంకో వైపు నుంచి వస్తుంది. జుట్టు కత్తిరించుకుని ట్రాక్టరు తోలితే మగరాయుడు. ఆ మాటలో కాస్త ముద్దు కూడా ఉంటుంది, పెళ్ళి ఈడు వచ్చేదాకా. ఆపైన గుసగుసలు మొదలు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మను ఆపి కంభం చెరువు కట్టించింది వరదరాజమ్మ అని చెప్పుకుని మురిసిపోయే ఊరండీ ఇది! ఈ రోజుల్లో అయితే ఆమెనూ గుసగుసల్లో నలిపేవాళ్ళు. ఇక రెండు జడలేసుకుని, మల్లెపూలు పెట్టుకుని, శుక్రవారం గుడికెళ్ళే పిల్ల తన స్నేహితురాల్నే ప్రేమిస్తే ఎవరి ఊహకూ అందదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు అలాంటి ఇద్దరు యువతుల సంగతి వచ్చింది. ఒకామెను తండ్రి ఇంట్లో నిర్బంధించాడని రెండో ఆమె పిటిషన్ వేసింది. మేజర్ అయిన స్త్రీ తనకు నచ్చిన మనిషితో ఉండొచ్చని కోర్టు పంపించింది. వాళ్ళ జుట్టు పొడవెంత అని జడ్జీలు అడగలేదు.

ద్యుతీ చంద్ గుర్తుందా? హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిశా పరుగుల అమ్మాయి. 2014లో ఒంట్లో పురుష హార్మోను ఎక్కువుందని పోటీల నుంచి తప్పించారు. కోర్టుకెళ్ళి 2015లో గెలిచింది. 2019లో నేనొక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. చెప్పీ చెప్పకముందే మనవాళ్ళు రెండు ముక్కల్నీ అతికించి "అదీ సంగతి, హార్మోను" అన్నారు. మల్లెపూల పిల్లకు ఏ హార్మోను ఎక్కువైందో వాళ్ళే చెప్పాలి.

మనిషి ఎట్లా నడుస్తాడు, తనను తాను ఆడా మగా ఏమనుకుంటాడు, ఎవర్ని కోరుకుంటాడు. ఈ మూడూ వేర్వేరు విషయాలు. మూడింటినీ ఒకే ముద్ద చేసి మింగుతున్నాం. మన ఒంగోలు మహిళా పోలీసు స్టేషన్లో ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద, అత్తమామల మీద వేధింపుల కేసు (498ఎ) పెట్టింది. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదు, కేసు చెల్లదని అవతలివైపు వాదన. 2025 జూన్‌లో హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు, ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయే, ఫిర్యాదు చేసే హక్కు ఉందంది. ఆధారాలు చాలవని ఆ కేసును మాత్రం కొట్టేసింది, అది వేరే సంగతి. ఆమె స్త్రీ, పురుషుణ్ణి పెళ్ళాడింది. ఆమెకూ, గే కుర్రాడికీ, మెత్తగా నడిచే మామూలు కుర్రాడికీ కలిపి మన ఊరు పెట్టిన తిట్టు మాత్రం ఒక్కటే.

చదువుకున్నవాళ్ళూ తక్కువ తినలేదు. బెంగుళూరు నుంచి సెలవులకొచ్చిన సాఫ్ట్‌వేర్ అన్న, ఆ మెత్తని తమ్ముణ్ణి పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేసి, "నువ్వు గే అయితే నాతో చెప్పరా, నాకేం ఇబ్బంది లేదు" అంటాడు. ఎంత పెద్ద మనసు! అన్నా, ఈ ప్రశ్న కబడ్డీ కెప్టెన్‌ని అడిగావా? నీ బావమరిదిని అడిగావా? అడగవు. బస్టాండు దగ్గర మామ వాడే కొలబద్దే నీ చేతిలోనూ ఉంది, కాకపోతే దానికి సెంటు పూశావు.

ఇంకొక ఉపకారి ఉంటాడు. "పాపం, వాడట్లాంటోడు కాదండీ, మంచి పిల్లాడు" అని వెనకేసుకొస్తాడు. ఆ "మంచి పిల్లాడు" దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. అయితే అట్లాంటోడు చెడ్డవాడా? నేను ఆ తొంభై ఆరు మందిని నిర్దోషులుగా విడిపించడానికి ఇది రాయడం లేదు. ఆ నలభై మంది మీద దోషం ఉంటే కదా విడిపించడానికి! 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు ఒక్క మాటగా నేరం కాదన్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్, గే మనిషిని "మారుస్తాం" అని చికిత్స చేసే డాక్టరు వృత్తి తప్పు చేసినట్టేనంది. రైలు పట్టాల వెంట గోడల మీద "రహస్య వైద్యం" అని రాయించుకునేవాళ్ళకు ఈ సంగతి అందలేదు, అందినా లెక్కచెయ్యరు. మీరన్నా పిల్లాణ్ణి తీసుకుని ఆ గోడ మీది నంబరుకు ఫోన్ చెయ్యడం ఆపండి. ఆ పిల్లాడికి పెళ్ళి మందు వెయ్యడం ఆపండి. ఆ మందు పోసేది ఇంకొకరి కూతురి గొంతులో. వాడు కోరుకున్న మనిషిని చట్టప్రకారం పెళ్ళి చేసుకునే దారి ఇవాళ్టికీ లేదు. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ అడిగితే 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అది పార్లమెంటు పని అని చేతులు దులుపుకుంది. ఉన్న దారి మూసి, లేని దారిలోకి తోసి, మళ్ళీ పరువు అంటారు.

"ఇదంతా సరేనయ్యా, నడక చూడొద్దు, గొంతు వినొద్దు, మీసం లెక్కలోకి తీసుకోవద్దంటివి. మరి మాకెట్లా తెలుస్తుంది?" అని ఒకాయన నన్ను నిలదీశాడు. మీకెందుకు తెలియాలి స్వామీ? అదేమన్నా రేషన్ కార్డా, నీటి తీరువా? ఆ కుర్రాడు మీ అమ్మాయిని చేసుకుంటానని మీ గడప తొక్కిన రోజున అడగండి, తప్పకుండా అడగండి, మీసం చూసి ఊరుకోకుండా మర్యాదగా కూర్చోబెట్టి అడగండి. అంతకు ముందు అడిగే హక్కు మీకు లేదు. గోడ మీద రాసే హక్కు ఎప్పటికీ లేదు.